ఒకరు చెప్పగా మరొకరు చదివే పుస్తకాలు

గ్రంథం అచ్చు కావడంతో రచయిత పని ముగుస్తుంది. గ్రంథం బ్రతుకు అప్పుడు మొదలవుతుంది. ప్రతులు దుకాణంలోని బీరువాలో ఎంత పొందికగా పేర్చి ఉన్నా, ఒక పాఠకుడు మరొక పాఠకునితో "ఇది చదివి చూడండి" అని అనేవరకు వాటికి చలనం ఉండదు. పత్రికా ప్రకటన పుస్తకం పేరు తెలుపుతుంది. పురస్కారం దానికి గౌరవం కలిగిస్తుంది. విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా నిర్ణయిస్తే పరీక్ష ముగిసేవరకు అది విద్యార్థి చేతిలో ఉంటుంది. కాని చదివి ఆనందించిన మనిషి, తనకు కావలసిన మనిషికి నోరారా చెప్పిన పుస్తకం మాత్రమే తరం దాటి నిలుస్తుంది. మన నగరంలో ఎవరు ఏమి చదువుతున్నారు, ఎవరికి ఏమి చెబుతున్నారు, ఆ మాట ఎంత దూరం పోయి ఎక్కడ ఆగిపోతున్నది అన్న విషయాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ పనికి మనం వాడే మాటలోనే మన చరిత్ర కొంత దాగి ఉంది. "సిఫారసు" అన్నది పారశీకం నుండి ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చిన పదం. అట్లాగే తెలుగువారు ఒకరిని మెచ్చుకొంటే "కితాబు ఇచ్చారు" అంటారు. ఇది బిరుదు అనే అర్థంగల "ఖితాబ్" నుండి వచ్చినది. పుస్తకం అనే అర్థంగల "కితాబ్" వేరు. ఉర్దూలో ఈ రెండింటికి అక్షరమూ వేరు, ఉచ్చారణా వేరు. తెలుగువాని నోట రెండూ ఒకే విధంగా పలుకుతాయి. పుస్తకమూ, మెప్పూ ఒకే మాటలో కలిసిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. మన విషయానికి మాత్రం చక్కగా సరిపోయింది.

పూర్వం పుస్తకానికి సిఫారసు రాజాస్థానంలో లభించేది. గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన "తపతీ సంవరణోపాఖ్యానము"ను ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో వ్రాసిన "యయాతి చరిత్రము"ను అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. అంకితం పుచ్చుకొన్న ప్రభువు ఆ కావ్యాన్ని సభలో చదివించేవాడు. సభలో విన్నవారు ఊళ్లకు మోసుకొనిపోయేవారు. పారశీకం రాజభాషగా ఉన్న కొలువులో తెలుగు కావ్యానికి శ్రోతలు ఉన్నారన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. అచ్చుయంత్రం లేని ఆ కాలంలో ఒక భాషవారి మెప్పు మరొక భాష రచనకు అండగా నిలిచింది.

అచ్చు వచ్చిన తరువాత ఈ బాధ్యత ఆస్థానం నుండి ఇంటికి మారింది. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన "మిరాతుల్ ఉరూస్" ఉర్దూ నవలలలో తొలినాటిది. తన కుమార్తె చదువుకొనడానికై ఆయన దానిని వ్రాశాడు. తరువాత ఆయన కొంతకాలం నిజాం కొలువులో ఉద్యోగం కూడా చేశాడు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు స్త్రీల కొరకు "సత్యవతీ చరిత్రము" రచించాడు. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరు పెద్దలకు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఇంట్లోని ఆడపిల్లకు ఏ పుస్తకం చేతికివ్వాలి? ముస్లిం కుటుంబాలలో పెండ్లికూతురికి సారెతో పాటు "బహిష్తీ జేవర్" గ్రంథాన్ని పెట్టి పంపే ఆచారం ఎంతో కాలం సాగింది. అమ్మాయి చదువుతుందో లేదో తరువాతి మాట. పుట్టినింటివారు బట్టలతో, పాత్రలతో సమానంగా ఒక పుస్తకాన్ని కూడా అవసరమైన వస్తువుగా భావించారు.

ఇంటి తరువాత గ్రంథాలయం. 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయం 1936లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని నేటి భవనానికి వచ్చింది. అదే ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. తెలుగువారి పక్షాన 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. ఈ రెండు సంస్థల నడుమ దూరం కాలినడకన పోదగినంతే. ఐనా ఒకదాని పాఠకులు రెండవదాని మెట్లు ఎక్కడం మాత్రం అరుదు.

నిజాం రాష్ట్రంలో తెలుగు పుస్తకానికి కాళ్లు అమర్చినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి స్మరణీయుడు. ఆయన 1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకాల మూటలతో ఊరూరా తిరిగి అమ్మాడు. అంగడిలో కూర్చుండి అమ్మేవాడు అడిగిన పుస్తకం ఇస్తాడు. మూట మోసుకొని గుమ్మం ముందుకు వచ్చినవాడు ఆ ఇంటివారి ముఖం చూచి, వారికి తగిన పుస్తకం పేరు చెబుతాడు. ఆళ్వారుస్వామి స్వయంగా నవలాకారుడు కూడా. ఆయన "ప్రజల మనిషి" నేటికీ పాఠకుల చేతులలో తిరుగుతున్నది.

చెప్పేవాడు లేకపోతే ఏమి జరుగుతుందో తెలుపడానికి ఒక ఉదాహరణ చాలు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకప్పుడు ఒక మాట బయలుదేరింది. సురవరం ప్రతాపరెడ్డి వాదోపవాదాలకు దిగక, ఊరూరి నుండి పద్యాలు తెప్పించి 1934లో "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించాడు. అందులో 354 మంది కవులు ఉన్నారు. వారందరూ అంతకు ముందూ ఉన్నవారే. వారి పేర్లు పొరుగువారికి చెప్పిన నాథుడు లేనందున లేనివారిగా లెక్కకు వచ్చారు. ఎవరూ సిఫారసు చేయని సాహిత్యం, ఎంత గొప్పదైనా, పరులకు లేనట్లే.

ఇక సామాన్య పాఠకుల సంగతి. ఇరవయ్యవ శతాబ్దం ఉత్తరార్ధంలో పుస్తకాన్ని చేతులు మార్పించిన గొప్ప సాధనం అద్దె పుస్తకాల దుకాణం. కొంత సొమ్ము ధరావతుగా కట్టించుకొని, రోజుకు ఇంత అని వసూలు చేస్తూ, పేరూ తేదీ నోటుపుస్తకంలో వ్రాసుకొనే ఆ దుకాణదారునికి ప్రతి పాఠకుని అభిరుచీ కంఠస్థం. "మీరు అడిగే రకం కొత్తది ఒకటి వచ్చింది" అని బల్ల క్రింది నుండి తీసి ఇచ్చేవాడు. వెనుకటి పాఠకులు అంచులలో పెన్సిలుతో వ్రాసిన అభిప్రాయాలు వెనుక వచ్చేవారికి ఉచిత విమర్శగా ఉపకరించేవి. ఇంకొక సాధనం వారపత్రికలోని ధారావాహిక. ప్రతివారం ఆ పుటలు చించి దాచి, చివరకు కుట్టించి అట్టవేయించిన ఇళ్లు ఎన్నో ఉండేవి. అట్లా కుట్టిన నవల వీధి అంతా తిరిగి, అట్ట నలిగి ఇంటికి చేరేది. ఒక్కొక్కప్పుడు చేరేది కాదు. పరహస్తగతమైన పుస్తకం తిరిగి రాదన్న పాత మాట ఊరకే పుట్టలేదు.

ఆ కాలంలో తెలుగు ఇళ్లలో యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" నవలను ఆడపడుచు వదినకూ, వదిన పక్కింటివారికీ చెప్పి చదివించేవారు. 1976లో అది చలనచిత్రంగా కూడా వచ్చింది. కుర్రవాళ్లు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కొరకు పోటీపడేవారు. సరిగా అదే కాలంలో ఉర్దూ ఇళ్లలోని కుర్రవాళ్లు ఇబ్నె సఫీ కొరకు ఎదురు చూచేవారు. 1952లో అలహాబాదు నుండి "జాసూసీ దునియా" పేరుతో వెలువడనారంభించిన ఆయన నవలలు, 1980లో ఆయన మరణించిన తరువాత కూడా పునర్ముద్రణలు పొందుతూనే వచ్చాయి. యుగంధర్ పేరు విన్న తెలుగు కుర్రవానికి ఇమ్రాన్ ఎవరో తెలియదు. ఇమ్రాన్ సాహసాలు కంఠస్థంగా చెప్పే ఉర్దూ కుర్రవానికి యుగంధర్ తెలియడు. ఇద్దరూ ఒకే వీధిలో ఆడుకొన్నవారు, ఒకే కొట్టులో సోడా త్రాగినవారు.

ఇంత దగ్గరగా ఉన్నవారి నడుమ పుస్తకం మాట ఎందుకు దాటలేదు? భాష తెలియక అనుకొనడం పొరపాటు. చార్మినార్, పత్తర్‌గట్టి ప్రాంతాలలో గాజులు అమ్మేవారూ కొనేవారూ రెండు భాషలలో బేరం చేయగలరు. పాతనగరంలో పెరిగిన తెలుగువాడు ఉర్దూ హాస్యానికి నవ్వగలడు. ఉర్దూవాడు తెలుగు సినిమా చూచి కన్నీరు పెట్టగలడు. అడ్డం వచ్చినది మాట కాదు, లిపి. ఒకటి కుడి నుండి ఎడమకు నడుస్తుంది. మరొకటి ఎడమ నుండి కుడికి. నోటి మాట మూసీ వంతెన సునాయాసంగా దాటుతుంది; అచ్చు మాట ఆ గట్టునే నిలిచిపోతుంది. మచిలీ కమాన్, ఛత్తా బజార్ల వైపు ఉర్దూ గ్రంథాలూ ముద్రణాలయాలూ, నయాపూల్ దాటి కోఠీ, కాచిగూడల వైపు తెలుగు గ్రంథాల దుకాణాలూ స్థిరపడ్డాయి. రెండు బజారులలోనూ పుస్తకాలు కొనే అలవాటుగల పాఠకుడు కాలక్రమాన అరుదైపోయాడు.

"కాలక్రమాన" అనడానికి కారణం ఉంది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనాభాష. అంతకు ముందు ఏడాదే అనువాద శాఖను, అంటే దారుల్ తర్జుమాను ఏర్పాటు చేసి, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి అనువదింపజేశారు. ఆ విధానం వలన తెలుగు విద్యార్థులకు కలిగిన కష్టం తక్కువది కాదు. మాతృభాషలో చదువుకొనే హక్కు కొరకు వారు పోరాడవలసి వచ్చింది. ఆ పోరాటం న్యాయమైనది. ఐనా ఆ కష్టం నుండే రెండు లిపులూ చేతనైన ఒక తరం తయారైంది. 1948 తరువాత బోధనాభాష ఇంగ్లీషుకు మారింది. ఆ తరం పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వారి స్థానంలో నిలువవలసిన మన విద్యార్థులలో పెక్కుమంది ఇంటిలో ఉర్దూ మాట్లాడి, బజారులో తెలుగు మాట్లాడి, తరగతిలో ఇంగ్లీషు వ్రాసి, మూడింటిలో ఏ ఒక్క భాషలోనూ కోరి పుస్తకం చదవకుండానే పట్టా పుచ్చుకొని పోతున్నారు. ఈ వ్యాసంలో నన్ను బాధించే విషయం ఇదే.

ఆ పాత తరం ఏమి సాధించిందో చూతము. దాశరథి కృష్ణమాచార్యులు గాలిబు కవిత్వాన్ని తెలుగు చేసి 1961లో "గాలిబ్ గీతాలు"గా అందించాడు. ఉర్దూ అక్షరం ముక్క రాని తెలుగు పాఠకుడు గాలిబు పేరును ఆత్మీయంగా పలుకగలుగుతున్నాడంటే ఆ చిన్న పుస్తకం చేసిన ఉపకారం ఎంతటిదో ఊహించవచ్చు. ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి తెలుగులో గజళ్లు వ్రాసి, ఆ ప్రక్రియను తెలుగు శ్రోతకు అలవాటు చేశాడు. ఆయనే "విశ్వంభర" కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందినాడు.

ఆదిలాబాదు ప్రాంతంవాడైన సామల సదాశివ (1928–2012) చేసిన సేవ వేరొక రకమైనది. ఉర్దూ సాహిత్య చరిత్రను ఆయన తెలుగులో వ్రాశాడు. హైదరాబాదు కవి అంజద్ రుబాయీలను తెనిగించాడు. హిందూస్తానీ సంగీతాన్ని గురించి వ్రాసిన "స్వరలయలు"కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన వచనం చదువుతూ ఉంటే ఒక పెద్దమనిషి అరుగుమీద కూర్చుండబెట్టుకొని, ఒక కవి నుండి ఇంకొక కవికి, ఒక గాయకుని నుండి మరొక గాయకునికి చేయి పట్టుకొని తీసుకొనిపోయినట్లు ఉంటుంది. సిఫారసు ఒక సాహిత్య ప్రక్రియ కాగలదనడానికి ఆయన రచనలే ప్రమాణం.

అంజద్ హైదరాబాదీ విషయం ఇక్కడ కొంత చెప్పాలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆయన తల్లి, భార్య, కుమార్తె ఆ నీటిలో కొట్టుకొనిపోయారు. ఆయన ఒక్కడు బ్రతికి బయటపడ్డాడు. ఆ దుఃఖం మోసుకొంటూనే ఆయన రుబాయీ రచనలో సాటిలేనివాడనిపించుకొని 1961లో మరణించాడు. నేడు అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి పోయే విద్యార్థి ఆ మూసీని చూస్తూనే పోతాడు. వరద సంగతి తెలుసునేమో. ఆ వరద కవిత్వంగా మారిన సంగతి, అది తెలుగులో కూడా చదువుకొనవచ్చునన్న సంగతి ఎవరో ఒకరు చెప్పితే తప్ప తెలియదు.

ఒక పుస్తకం లిపి దాటితే ఎంత దూరం పోగలదో తెలుపడానికి కృష్ణచందర్ నవల "జబ్ ఖేత్ జాగే" నిదర్శనం. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని, మరునాడు ఉరికంబం ఎక్కవలసిన రాఘవరావు అనే యువకుని జ్ఞాపకాల ద్వారా చిత్రించిన ఉర్దూ నవల అది. దాని ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో "మా భూమి" చలనచిత్రం తయారైంది. తెలంగాణ పల్లె తన కథగా చెప్పుకొన్న ఆ చిత్రానికి మూలం ఒక ఉర్దూ గ్రంథమన్న సంగతి చూచినవారిలో ఎందరికి తెలుసు?

ఎదురు దిశలో కూడా ఇటువంటిదే జరిగింది. కాదు, జరగవలసినంత జరగలేదు. నెల్లూరి కేశవస్వామి (1920–1984) పాతనగరపు జీవితాన్ని తెలుగు కథలుగా వ్రాశాడు. ఆయన "చార్మినార్ కథలు"లో నవాబుల దేవిడీలు ఉన్నాయి. పరదా వెనుక స్త్రీల బాధలు ఉన్నాయి. మతాలకు అతీతమైన స్నేహాలు ఉన్నాయి. "రూహీ ఆపా" కథ చదివిన పాఠకుడు ఆ పేరును మరువలేడు. "యుగాంతం" కథ 1948 నాటి కల్లోలాన్ని ఇరుపక్షాల మనుషుల కంటితో చూస్తుంది. మన తాతలు, నానీలు, దాదీలు బ్రతికిన ఇళ్ల కథలివి. ఐనా ఆ ఇళ్లలోని మనుమలకు ఈ పుస్తకం పేరు తెలియదు, అది తెలుగులో ఉన్నందున. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ ఇంకొక విధంగా నిజమైంది: మన పెరటిలోని చెట్టు మనదని చెప్పేవాడే లేకపోయినాడు.

1990ల తరువాత పరిస్థితిలో ఒక మంచి మార్పు వచ్చింది. ముస్లిం కుటుంబాలలో పుట్టిన యువరచయితలు తమ ఇంటి సంగతులను తెలుగులోనే చెప్పనారంభించారు. 1998లో వెలువడిన "జల్‌జలా" కవితా సంకలనం, 2004లో వెలువడిన "వతన్" కథా సంకలనం ఈ రచయితలను ఒక గుంపుగా పాఠకుల ముందు నిలిపినాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు "దర్గామిట్ట కథలు" నెల్లూరు ప్రాంతపు ముస్లిం ఇంటి బాల్యాన్ని నవ్విస్తూ, మధ్యమధ్య గొంతు పట్టిస్తూ చెబుతాయి. వేంపల్లె షరీఫ్ కథల సంపుటి "జుమ్మా"కు సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. షాజహానా, స్కైబాబా మొదలైనవారి రచనలు కూడా ఇట్టివే. తెలుగు అంటే పరీక్షలో గట్టెక్కవలసిన విషయమని భావించే ఉర్దూ ఇంటి విద్యార్థికి నేను మొదట సిఫారసు చేసేది ఈ పుస్తకాలనే. అమ్మీ, అబ్బా, నానీ అనే పిలుపులు తెలుగు అక్షరాలలో కనిపించగానే ఆ విద్యార్థి ముఖంలో వచ్చే మార్పును ఏ వ్యాకరణ పాఠమూ తీసుకొనిరాలేదు. ఈ భాషలో తనకూ చోటు ఉన్నదని అతడు మొదటిసారి గ్రహిస్తాడు.

నేడు జనం చదువుతున్నది ఏమిటి? ఆదివారం నాడు అబిడ్స్ కాలిబాటమీద పరచిన పాత పుస్తకాలను గాని, ఇటీవలి సంవత్సరాలలో ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతున్న పుస్తక ప్రదర్శనను గాని చూచినవారు పఠనం అంతరించిందని అనజాలరు. పోటీపరీక్షల పుస్తకాలదే అగ్రస్థానం. తరువాత వ్యక్తిత్వ వికాస గ్రంథాలు, ఇంగ్లీషు నుండి వచ్చిన అనువాదాలు. అనువాదాల గౌరవాన్ని మన ప్రాంతంలో పెంచిన సంస్థలలో 1980లో ప్రారంభమైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఒకటి. అలెక్స్ హేలీ "రూట్స్"కు సహవాసి చేసిన తెలుగు రూపం "ఏడు తరాలు" నేటికీ ఒక మిత్రుడు మరొక మిత్రునికి మొదట చెప్పే పుస్తకాలలో ఒకటి. రవి మంత్రి నవల "అమ్మ డైరీలో కొన్ని పేజీలు" సామాజిక మాధ్యమాలలో యువతీయువకులు ఒకరికొకరు చెప్పుకొనగా విశేష ప్రచారం పొందింది. అద్దె దుకాణదారుడు బల్ల క్రింది నుండి పుస్తకం తీసి చూపిన పని ఇప్పుడు చేతిలోని ఫోన్ చేస్తున్నది.

ఉర్దూ వైపు 2013లో ఆరంభమైన రేఖ్తా సంస్థ కవిత్వాన్ని ఉర్దూ, దేవనాగరి, రోమన్ లిపులలో అందిస్తున్నది. ఉర్దూ లిపి రాని లక్షలాది యువతకు ఉర్దూ కవిత్వం చేరువ కావడానికి ఈ లిపి మార్పే కారణం. తలుపు ఎక్కడ ఉన్నదో ఈ అనుభవం చూపింది. తెలుగు లిపిలో అటువంటి తలుపు ఎవరు తెరుస్తారు? ఇతరులు వచ్చి తెరుస్తారని ఎదురు చూడనవసరం లేదు. రెండు భాషలూ ఒకే ఆవరణలో బోధించే మనవంటి కళాశాలలకు ఆ పని సహజంగా చెందుతుంది.

పుస్తకం సిఫారసు చేయడానికి కూడ ఒక పద్ధతి ఉంది. "చాలా గొప్ప పుస్తకం" అన్న మాట వలన ఎవరూ చదవరు. గొప్పతనం విన్నకొద్దీ కొత్త పాఠకుడు వెనుకకు తగ్గుతాడు. అతనికి ఏది ఇష్టమో ముందు తెలుసుకొని, ఆ ఇష్టం నుండి ఒక్క మెట్టు మాత్రమే అవతలకు చూపాలి. పుస్తకంలో కష్టమైన భాగం ఉంటే దాచక చెప్పాలి. నమ్మకం అందువలన పెరుగుతుంది. చదివిన తరువాత మాట్లాడడానికి తీరిక ఇవ్వాలి. నచ్చలేదని అతడు చెబితే కోపగించరాదు.

ఈ పద్ధతిలో నా విద్యార్థులకు కొన్ని జంటలు సూచిస్తున్నాను. ముజ్తబా హుస్సేన్ (1936–2020) హాస్యవ్యాసాలు చదివి ఇంటిల్లిపాదీ నవ్వుకొనే ఉర్దూ కుటుంబాలవారు ముళ్లపూడి వెంకటరమణ "బుడుగు"ను తెచ్చుకొనవచ్చు. ముళ్లపూడి ప్రియులు ముజ్తబా గారి వ్యాసాలను ఉర్దూ తెలిసిన మిత్రునిచేత చదివించుకొని వినవచ్చు. ఆయన వాక్యం చెవికి తగినది. శ్రీశ్రీ "మహాప్రస్థానం" ఇష్టపడినవారికి మఖ్దూం మొహియుద్దీన్ "సుర్ఖ్ సవేరా" పరాయిదిగా తోచదు. ఒకే కాలపు ఆవేశం రెండు భాషలలో ఎట్లా పలికిందో పోల్చి చూడవచ్చు. దాశరథి రంగాచార్యుల "చిల్లర దేవుళ్లు" నవలలో నిజాం కాలపు పల్లె ఉంది. జీలానీ బానో "ఐవానె గజల్" నవలలో అదే కాలపు నగరంలోని సంపన్న గృహం కూలిపోవడం ఉంది. పల్లె చెమట ఏ దేవిడీలో దీపంగా వెలిగిందో తెలియాలంటే రెండూ కలిపి చదవాలి. ఇస్మత్ చుగ్తాయ్ కథలను పి. సత్యవతి తెలుగులో అందించారు. స్త్రీల బ్రతుకు గురించి నిర్మొగమాటమైన కథలు కావాలనుకొనే విద్యార్థినులు అక్కడ మొదలుపెట్టవచ్చు.

చివరగా ఒక చిన్న ప్రతిపాదన. మన గ్రంథాలయంలో ద్వారం ప్రక్కన ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంచాలి. ఎడమ పుటలో తెలుగు, కుడి పుటలో ఉర్దూ. ఏ విద్యార్థి అయినా తాను చదివిన పుస్తకం పేరు, అది ఎవరికి నచ్చుతుందో రెండు వాక్యాలు ఒక పుటలో వ్రాస్తే, రెండవ లిపి తెలిసిన మరొక విద్యార్థి దానిని ఎదుటి పుటలోనికి మార్చాలి. రెండు వాక్యాల అనువాదానికి పాండిత్యం అవసరం లేదు. పక్క బల్లమీది మిత్రుని సాయం చాలు. ఇందుకు ఖర్చు ఒక నోటుపుస్తకం, రెండు కలములు. రెండవ సంవత్సరం ముగిసేసరికి ఆ నోటుపుస్తకమే కళాశాలలో అందరూ మొదట తెరచే గ్రంథమైనా ఆశ్చర్యం లేదు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో ఎక్కువమందికి రెండు భాషలు చెవికి తెలుసు. ఈ నగరం మీకు ఉచితంగా ఇచ్చిన ఆస్తి అది. చేతిలో వెన్న ఉంచుకొని నేతికై తిరిగిన చందాన, ఆ ఆస్తిని గుర్తింపక వృథా చేయవద్దు. రెండవ లిపి నేర్చుకొనడానికి ఒక వేసవి సెలవు సరిపోతుంది. ఈ సెలవులలో మీకు నచ్చిన ఒక్క పుస్తకాన్ని, ఆ లిపి రాని ఒక్క మిత్రునికి చదివి వినిపించండి. వినిన తరువాత అతడు తప్పక తన వైపు పుస్తకం ఒకటి చెబుతాడు. దాని పేరు వ్రాసి పెట్టుకోండి.